కాలువ గట్టు నుంచి రంప కొండ దాకా: గోదావరి డెల్టాలో సైకిలు దారి వేసుకునే పద్ధతి

గోదావరి జిల్లాల్లో సైకిలు తొక్కడానికి రమ్మంటే బయటి ఊళ్ళ మిత్రులు అడిగే మాట ఒకటే: "అక్కడ ఎక్కడానికి ఏముందండీ, అంతా పల్లమేగా?" మాట నిజమే. రాజమండ్రి సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం చేరేలోగా దిగాల్సింది ఆ కాస్తే. అయితే ధవళేశ్వరం దాటి దక్షిణానికి దిగితే కొండ చేసే పని గాలి చేస్తుంది. ఉత్తరానికి మళ్ళితే రెండు మూడు గంటల్లో రంప అడవి ఎదురొస్తుంది. రాజమండ్రిలో రెండు రోజులుంటే ఒక రోజు కాలువ గట్టు, ఒక రోజు కొండ దారి తొక్కి పోవచ్చు.

ఇక్కడ దారి వేసుకునేవాళ్ళు కిలోమీటర్ల లెక్కకు ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. నీళ్ళు ఎటు పారుతున్నాయి, గాలి ఎటు వీస్తోంది. ఈ రెండూ తెలిస్తే 80 కిలోమీటర్లు హాయిగా సాగుతాయి. తెలియకపోతే 40కే నడుం పట్టేస్తుంది.

1. ముందు నీళ్ళ పటం చదవండి

ఫోన్లో మ్యాపు తెరిచి ధవళేశ్వరం దగ్గర ఆగండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ఆనకట్ట చోటనే ఇప్పటి బ్యారేజీ ఉంది. ఇది నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యలో లంకలు, అంటే నదిలోని దీవులు: పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. ఆనకట్ట కింద గోదావరి తూర్పున గౌతమిగా, పడమట వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్నదే కోనసీమ. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలన్నీ ఈ ఆనకట్ట దగ్గరే పుడతాయి.

సైకిలు తొక్కేవాడికి దీనివల్ల ఒరిగేది ఏమిటంటే, డెల్టాలో మంచి దారులన్నీ నీటి వెంటే ఉంటాయి. వాటిలో మూడు రకాలు.

నది పక్కన ఎత్తుగా పోసిన ఏటిగట్టు మొదటిది. ఒక పక్క లంకలు, నది, రెండో పక్క కింద ఊళ్ళు, అరటి తోటలు, కొబ్బరి. పైనుంచి అన్నీ కనిపిస్తాయి, కానీ గాలికి అడ్డం ఉండదు. ఇసుక లారీలు తిరిగే చోట తారు లేచిపోయి ఉంటుంది. రెండోది కాలువ గట్టు. నీడకూ ప్రశాంతతకూ దీన్ని మించింది లేదు. మూడోది పుంత, అంటే చేల మధ్య ఊరికీ ఊరికీ వేసిన సన్న దారి. ఇప్పుడు చాలా పుంతలకు సిమెంటు రోడ్డు పడింది. పడనివి వానాకాలంలో బురదే.

కాలువ గట్ల మీద దారి వేసేటప్పుడు ఒక కిటుకు ఉంది. మామూలుగా ఒక గట్టుకే తారు ఉంటుంది, రెండోది మట్టి దారి. తారు ఎప్పుడు అవతలి గట్టుకు మారుతుందో ఉపగ్రహ చిత్రంలో ముందే చూసుకోండి. మారే చోట సాధారణంగా లాకులో (కాలువ నీటిని ఆపి వదిలే గేట్లు), వంతెనో ఉంటుంది. అందుకని లాకుల పేర్లే మీ మలుపుల గుర్తులు. ఊళ్ళో దారి అడిగినా "ఫలానా లాకుల దగ్గర ఎడం గట్టు పట్టుకోండి" అనే చెబుతారు. కుడి ఎడమలు నీళ్ళు పారే వైపు తిరిగి లెక్కేస్తారు. మీరు నీటికి ఎదురు పోతుంటే వాళ్ళ ఎడమ మీ కుడి అవుతుంది.

2. నెల ఎంచుకోండి, ఆ తర్వాత గంట

నవంబరు సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మేలైన కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే ప్రయాణం వాయిదా వెయ్యండి. జనవరి తెల్లవారుజామున కాలువల మీద మంచు దట్టంగా పడుతుంది, పది గజాల అవతల గేదె కూడా కనిపించదు. ముందూ వెనకా లైటు లేకుండా బయల్దేరొద్దు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సైకిలు ఇంట్లోనే ఉంచడం మంచిది. ఊరికి వచ్చిన కార్లు, కోడిపందాల బరులకు పోయే బళ్ళు అన్నీ ఈ సన్న దారుల మీదే ఉంటాయి.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. మరమ్మతుల కోసం ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఆపి, మళ్ళీ జూన్‌లో వదులుతారు. కాలువ ఎండిపోయిన గట్టు మీద ఎండలో తొక్కడంలో నాకైతే సుఖం కనిపించలేదు.

జులై, ఆగస్టుల్లో వరద లెక్క చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల దారులు, కాజ్‌వేలు, పంట్లు (మనుషుల్నీ బళ్ళనూ నది దాటించే పడవలు) ఉన్న రూటు మర్చిపోండి. ఆ నీటిమట్టం వార్తల్లో రోజూ చెబుతారు, రాత్రి పడుకునే ముందు చూసుకుంటే చాలు.

ఇక గాలి. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కాళ్ళు లాగించేది ఇదే. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. గాలి లేనప్పుడు ఒంటికి తగిలేది ఆ 20 మాత్రమే. ఎదురుగాలి 15 ఉంటే తగిలేది 35. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అడ్డు సుమారు మూడింతలవుతుంది. ఘాట్ రోడ్డయితే మలుపు తిరిగాక కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది, పైకెక్కాక దిగుడు ఉంటుంది. ఎదురుగాలి అలాంటి దయ చూపదు, ఊరొచ్చే దాకా తోస్తూనే ఉంటుంది.

డెల్టాలో గాలికి ఒక పద్ధతి ఉంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి గాలి లోపలికి తిరుగుతుంది. మధ్యాహ్నానికి బలపడి సాయంత్రం దాకా ఉంటుంది. అందుకే తెల్లవారుజామున సముద్రం వైపు పోయి, మధ్యాహ్నం తర్వాత గాలిని వీపున వేసుకుని తిరిగి రావాలి. సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది నుంచి పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం మళ్ళీ అంతర్వేదికే తిరిగొచ్చేలా దారి వేసుకున్నవాళ్ళు చివరి 30 కిలోమీటర్లు గేరు తగ్గించుకుంటూనే తొక్కాలి. నైరుతి రుతుపవనాల కాలంలో మాత్రం ఈ లెక్క చెడుతుంది, పడమటి గాలి రోజంతా తోస్తుంది. అప్పుడు పొద్దున పడమరకు తొక్కి, తిరుగు ప్రయాణం తూర్పుకు పెట్టుకోండి.

3. సైకిలు సిద్ధం చేసుకోవడం

ఖరీదైన సైకిలు అవసరం లేదు. 25 మిల్లీమీటర్ల సన్న టైర్లతో కాలువ గట్టెక్కితే చేతులు తిమ్మిరెక్కుతాయి. ఫ్రేములో పట్టేట్టయితే 28 నుంచి 32 దాకా వేసుకోండి, గాలి కాస్త తగ్గించి పెట్టుకోండి. కొండకు పోయేవాళ్ళు వెనక పెద్ద పళ్ళచక్రం, 32 పళ్ళది గానీ 34 పళ్ళది గానీ, వేయించుకుంటే మోకాళ్ళు బతుకుతాయి.

పల్లెల్లో సైకిలు షాపులు ఇంకా ఉన్నాయి, పంచరు వేసే చెయ్యి మంచిదే. కానీ రోడ్డు సైకిళ్ళకు వచ్చే సన్న ప్రెస్టా వాల్వు వాళ్ళ పంపుకు పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకోండి. ట్యూబులు రెండు తీసుకెళ్ళండి, ఆ సైజు అక్కడ దొరకదు. ఏటిగట్టు మీద తుమ్మ ముళ్ళు ఉంటాయి, పంచరయిన టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీశాకే కొత్త ట్యూబు వెయ్యండి.

4. మొదటి రోజు: లాకుల దారి

డెల్టా అంటే ఏమిటో ఒక్క పూటలో తెలియాలంటే ఇదే రూటు. రాజమండ్రి నుంచి తెల్లవారకముందే ధవళేశ్వరం చేరండి. బ్యారేజీ నాలుగు ముక్కలూ కలిపి మూడున్నర కిలోమీటర్ల పైనే ఉంటుంది. మొత్తం దాటక్కర్లేదు. ధవళేశ్వరం, ర్యాలి ముక్కలు దాటాక బొబ్బర్లంక. ఇక్కడే మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. ఎడమకు దిగి కాలువ వెంట ఆత్రేయపురం వైపు పట్టుకోండి.

ఈ ముక్కలో వేగం పెంచబుద్ధి కాదు. ఒక పక్క నిండు కాలువ, నీటి మీద గుర్రపుడెక్క తేలుతూ ఉంటుంది. రేవు మెట్ల మీద బట్టలుతికే చప్పుడు. అరటి గెలలు కట్టిన సైకిళ్ళు మనకంటే నింపాదిగా, మనకంటే ఎక్కువ బరువుతో ఎదురొస్తాయి. వాళ్ళకు దారివ్వండి. గెల గట్టు అంచుకు తగిలితే మనిషి కాలువలో పడతాడు.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇళ్ళు దారి పక్కనే ఉంటాయి. బోర్లించిన కుండ కింద మంట, పైన జారుగా కలిపిన బియ్యప్పిండిలో తడిపిన గుడ్డ ఒక్కసారి పరిచి లాగుతారు. రెప్పపాటులో కాగితంలాంటి రేకు లేచొస్తుంది. చూడ్డానికి ఆగండి, కొనడం మాత్రం తిరుగు దారిలో పెట్టుకోండి. జెర్సీ వెనక జేబులో పూతరేకులు పొడి పొడి కావడానికి ఐదు కిలోమీటర్లు చాలు.

ఆత్రేయపురం దాటాక లొల్ల లాకులు. చెట్ల నీడన కాసేపు కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. దగ్గర్లోనే ర్యాలి, జగన్మోహినీ కేశవస్వామి గుడి. ఒకే రాతిలో ముందు విష్ణువు, వెనక మోహిని. గౌతమి ఒడ్డున ఉన్న వాడపల్లికి పోవాలనుకుంటే శనివారం వద్దు. ఏడు వారాల మొక్కుతో వచ్చే జనంతో ఆ దారంతా కిక్కిరిసి ఉంటుంది.

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి వస్తుంది. అరటి మార్కెట్టు లారీలు, హారన్లు. జొన్నాడ వంతెన మీద గౌతమి దాటాలంటే ఈ రహదారి మీద కొద్ది దూరం తప్పదు. అంచు గీత పట్టుకుని ఒకరి వెనక ఒకరుగా పోండి. వంతెన మీద ఫోటోలకు ఆగొద్దు. దాటగానే ఆలమూరు మీదుగా మండపేట, తాపేశ్వరం, ద్వారపూడి, కడియం, తిరిగి రాజమండ్రి. తాపేశ్వరంలో మడత కాజా తినకుండా ఎవరూ రారు కాబట్టి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. కడియం దగ్గర నర్సరీలు మొదలయ్యాక మొక్కల బళ్ళు వెనక్కి తీసేటప్పుడు మనల్ని చూడవు, దూరంగా ఉండండి. మొత్తం 80, 90 కిలోమీటర్ల మధ్య అవుతుంది. కొత్తవాళ్ళు లొల్ల నుంచే వెనక్కి తిరిగితే సగంతో సరిపోతుంది. నాకు ఆ సగమే ఇష్టం.

5. పంటు దాటి కోనసీమ మీదుగా అంతర్వేదికి

దీనికి కాకినాడ నుంచి గానీ రామచంద్రపురం నుంచి గానీ బయల్దేరాలి. ద్రాక్షారామ భీమేశ్వరుణ్ణి చూసుకుని కోటిపల్లి రేవుకు రండి. ఇక్కడ గౌతమి వెడల్పు చూస్తే అవతలి గట్టు గీతలా ఉంటుంది. పంటు మీద ముక్తేశ్వరం వైపు దాటాలి. రెండు పడవల మీద బల్లలు పరిచి చేసిన పంటు మీద మోటారు సైకిళ్ళు, ఆటోలు, పాలకేన్లు, మనుషులు అందరూ ఉంటారు. సైకిలు చివర్న పెట్టండి, చెయ్యి వదలొద్దు. ఎక్కే చోట బల్ల తడిగా, వాలుగా ఉంటుంది. కింద ఇనుప క్లీట్లున్న (పెడలుకు బిగించుకునే) బూట్లతో నడిస్తే జారతారు, బూట్లు విప్పి చేత్తో పట్టుకోండి. నీరు ఎక్కువైనా, బాగా తగ్గినా పంటు ఆగిపోతుంది, ముందు రోజే ఎవరినైనా కనుక్కోండి.

అవతల అయినవిల్లి వినాయకుడు దగ్గరే. అమలాపురం దాకా కొబ్బరి నీడ. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టు, పీచు గుట్టలు దాటి పి.గన్నవరం చేరండి. ఇక్కడ దిగి చూడాల్సింది ఒకటుంది: వైనతేయ నది మీదుగా కాలువ దాటే అక్విడెక్టు. కింద నది, పైన కాలువ. 1850ల నాటి పాతదానికి 49 కమానులు. దాని పక్కనే 2000లో కొత్తది కట్టారు. పంపు లేదు, మోటారు లేదు, బొబ్బర్లంక దగ్గర మీరు చూసిన నీరే వాలు మీద ఇంత దూరం నడిచొచ్చి నది దాటుతోంది. కాలువ వెంట తొక్కే దారి ఇంత చదునుగా ఎందుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి గుడి దాటి వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి పోవచ్చు. మాఘమాసంలో కల్యాణోత్సవాల రోజుల్లో మాత్రం జనసంద్రమే. కాకినాడ నుంచి లెక్కేస్తే వంద దాటుతుంది, ఒక్క రోజులో రానూ పోనూ తొక్కే దారి కాదు. సఖినేటిపల్లి రేవులో మళ్ళీ పంటెక్కి నరసాపురం దిగితే అక్కడ రైలు స్టేషనుంది. సైకిలును పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యానులో వేయించుకోవాలి, గంట ముందు చేరండి.

పశ్చిమ డెల్టా గురించి రెండు మాటలు. విజ్జేశ్వరం నుంచి కాకరపర్రు, సిద్ధాంతం మీదుగా వశిష్ఠ కుడిగట్టు దారి నరసాపురం వైపు పోతుంది, గతుకులున్నా చూడ ముచ్చటైనది. భీమవరం చుట్టుపక్కల చెరువుల ప్రాంతాన్ని మాత్రం ప్రశాంతత కోసం పోయేవాళ్ళకు చెప్పను. చేపల, రొయ్యల లారీల నుంచి కారిన నీటికి రోడ్డు జారుతుంది, చెట్టు నీడా తక్కువ.

6. కొండ వైపు

రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. మొత్తం 80 కిలోమీటర్ల పైన. దీన్ని మూడు ముక్కలుగా చూడండి.

గోకవరం దాకా సుమారు 30. మెట్ట ప్రాంతం, చిన్న చిన్న ఎక్కుడు దిగుడులు. కోరుకొండ గుట్ట మీద నరసింహస్వామి గుడి దూరం నుంచే కనిపిస్తుంది. ఇక్కడ కాళ్ళు వేడెక్కితే చాలు, ఎవరితోనూ పందెం పెట్టుకోవద్దు. గోకవరంలో టిఫిను చేసి సీసాలు నింపుకోండి.

రెండో ముక్క అడవి. టేకు, వెదురు మొదలయ్యాక చల్లదనం ఒంటికి తెలుస్తుంది. రంపచోడవరం దగ్గర సీతపల్లి వాగు మీద భూపతిపాలెం జలాశయం ఉంది. కొండల నడుమ నిలిచిన నీరు, చుట్టూ చప్పుడు లేదు. కొండకు కొత్తయితే ఇక్కడి దాకా వచ్చి రంపచోడవరంలో ఉండిపోండి.

మూడో ముక్క మారేడుమిల్లి దాకా మరో 27 కిలోమీటర్లు. ఎక్కుడు ఒక్కసారిగా మీద పడదు, మలుపు మలుపుకీ పెరుగుతుంది. మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే సరైన వేగం. వాక్యం మధ్యలో ఊపిరి తెగుతోందంటే గేరు తగ్గించండి. మలుపుల్లో లోపలి అంచు నిటారుగా ఉంటుంది, ఎదురుగా బండి లేకపోతే మీ వరసలోనే కాస్త బయటగా తీసుకుంటే వాలు తగ్గుతుంది. ఇసుక, ఎండుటాకులు అంచున చేరి ఉంటాయి. కోతులకు చేతిలో తిండి చూపించొద్దు.

ఎక్కడం కన్నా దిగడం దగ్గరే దెబ్బలు ఎక్కువ. బ్రేకు నొక్కి పట్టుకుని దిగితే రిమ్ములు కాలిపోతాయి. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలి, మళ్ళీ నొక్కాలి. బస్సులు మలుపులో రోడ్డంతా తీసుకుంటాయి, హారను వినపడితే గీతకు ఇవతలే ఉండండి. శని, ఆదివారాల్లో జలపాతాలకు, బొంగు చికెన్‌కు వచ్చే కార్లతో ఈ దారి నిండిపోతుంది, మంగళ, బుధవారాలు చూసుకోండి. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ నలభై కిలోమీటర్ల పైచిలుకు. వెంట మనిషి గానీ బండి గానీ లేకుండా అటు దిగొద్దు, అడవిలో ఫోన్ సిగ్నలు మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దుగూకే లోపు బసకు చేరిపోవాలి.

కొండెక్కే ఓపిక లేదు, కొండలు మాత్రం చూడాలంటే కొవ్వూరు నుంచి తాళ్ళపూడి, గూటాల మీదుగా పట్టిసీమ పోండి. గోదావరి కుడిగట్టు దారి, పెద్ద ఎక్కుళ్ళు లేవు. నది మధ్య దేవకూట పర్వతం మీద వీరభద్రుడి గుడి, వెనక నీలంగా కొండల వరస. అక్కణ్ణించి పోలవరం వైపు ప్రాజెక్టు లారీలు ఎక్కువ, పట్టిసీమ దగ్గరే తిరిగితే మంచిది.

7. దారి మర్యాద, దారి ప్రమాదాలు

సార్వా (మొదటి పంట) కోతలప్పుడు, మళ్ళీ దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు, కొబ్బరి మట్టలు అడ్డం పెడతారు. ధాన్యం మీద టైరు ఎక్కితే జారి పడతారు, పైగా అది ఒకరి ఆరు నెలల కష్టం. దిగి నడవండి. నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు చక్రాలకు పట్టిన బురద తారు మీద రాలుస్తూ పోతాయి. మీద ఎండినట్టే ఉండి లోపల వెన్నలా జారుతుంది. కోసిన చేలల్లోకి బాతుల మందల్ని తోలుకుపోయేవాళ్ళు ఎదురైతే ఒక పక్కకు ఆగండి. బెల్లు కొడితే మంద రెండుగా చీలిపోతుంది, మళ్ళీ కలపడానికి ఆయనకు పూట పడుతుంది. ఊరు మొదట్లో, బడి దగ్గర స్పీడు బ్రేకర్లకు రంగు ఉండదు.

చీకటి పడ్డాక కాలువ గట్టు మీద తొక్కొద్దు. గట్టుకు రెయిలింగు ఉండదు, గుర్రపుడెక్క నిండిన నీరు లైటు వెలుగులో గడ్డి నేలలా కనిపిస్తుంది. చీకటి ముంచుకొస్తే దగ్గరి ఊళ్ళోకి దిగి, ఊళ్ళ మీదుగా పోయే రోడ్డు పట్టుకోండి, దూరమైనా సరే.

నీళ్ళకు ఇబ్బంది లేదు, కొబ్బరి బొండాలు అడుగడుగునా ఉంటాయి. కానీ ఉక్కకు కారే చెమటతో పోయే ఉప్పు బొండం ఒక్కటే పూడ్చదు, ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి. పొద్దున ఏడు లోపు ఏ ఊరి టిఫిను కొట్టులోనైనా దిబ్బరొట్టె దొరికితే తినేయండి, మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు.

అంతర్వేదో, యానాం వైపు ఏరో చూసొచ్చిన రోజు సైకిలును అలా గోడకు వదిలేయకండి. ఉప్పుగాలికి చెయిను తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేసి పడుకోండి.